హైనెకెన్: నాలుగో వంతు వాటా కూడా లేని కుటుంబం చేతిలో కంపెనీ పగ్గాలు ఎలా నిలిచాయి?

వాటాలెక్క

సభ్యులకు నమస్కారం. వ్యాపార చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారితో చర్చించాలని ఈ అంశం మొదలుపెడుతున్నాను. 1864లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జెరార్డ్ ఏడ్రియాన్ హైనెకెన్ అనే 22 ఏళ్ల యువకుడు "డి హోయ్‌బర్గ్" అనే బీరు కర్మాగారాన్ని కొన్నాడు. అది 1592 నుంచి నడుస్తున్నదే అయినా అప్పటికి క్షీణదశలో ఉంది. అదే సంస్థ నేడు 70కి పైగా దేశాల్లో బీరు తయారుచేస్తూ, 300కు మించిన బ్రాండ్లతో ప్రపంచంలో రెండో అతిపెద్ద బీరు కంపెనీగా ఉంది. ఇంత ఎదిగిన తరువాత కూడా దాని మీద అంతిమాధికారం జెరార్డ్ మునిమనవరాలు షార్లీన్ డి కార్వాల్హో హైనెకెన్ కుటుంబానిదే.

నా సందేహం ఇది. ఒక ఊరి కర్మాగారం ఖండాలు దాటాలంటే కావలసిన పెట్టుబడి ఏ ఒక్క కుటుంబం దగ్గరా ఉండదు. బయటి డబ్బు వచ్చిన కొద్దీ కుటుంబం వాటా కరగాలి, వాటా కరిగిన కొద్దీ మాట చెల్లుబాటు తగ్గాలి. ఇక్కడ మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. దీనికి కారణం కుటుంబం సమర్థతా, చట్టపరమైన ఏర్పాటా, లేక కాలం కలిసిరావడమా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

ఆమ్‌స్టెల్‌తీరం

నేను నెదర్లాండ్స్‌లో స్థిరపడిన తెలుగువాడిని. మొదటి తరం గురించి రాస్తాను, ఎందుకంటే తరువాతి కథకు బీజం అక్కడే పడింది.

జెరార్డ్ బీరు కాయడం వచ్చిన వాడు కాదు. కొనుగోలుకు డబ్బు తల్లి నుంచి రావలసి ఉండగా, మంచి బీరు దొరికితే జనం జిన్ను తాగి చెడిపోవడం తగ్గుతుందని ఆమెకు లేఖ రాసి ఒప్పించాడు. ఆ కాలపు హాలండ్‌లో జిన్ను వ్యసనం పెద్ద సామాజిక సమస్య కనుక, ఆ వాదనలో కొంత నిజాయితీ ఉందనే నేను భావిస్తున్నాను. 1867లో నగరం అంచున స్టాడ్‌హౌడర్స్‌కాడె అనే వీధి మీద కొత్త కర్మాగారం కట్టడం మొదలుపెట్టాడు. ఆ వెంటనే జర్మనీ నుంచి వచ్చిన విల్‌హెల్మ్ ఫెల్ట్‌మన్‌ను తయారీ బాధ్యతల్లో పెట్టి, 1870 ప్రాంతంలో స్థానిక పద్ధతిని వదిలి బవేరియా పద్ధతిలో లేగర్ బీరు వైపు మళ్లాడు. పాత రకానికి అలవాటుపడిన ఖాతాదారులున్నప్పటికీ తీసుకున్న నిర్ణయం అది.

1873లో ఇది పరిమిత కంపెనీగా మారింది, 1874లో రొట్టర్‌డామ్‌లో రెండో కర్మాగారం వచ్చింది. తనకు లేని నైపుణ్యాన్ని బయటినుంచి తెచ్చుకుని, దానికి స్వేచ్ఛనిచ్చి, యాజమాన్యాన్ని మాత్రం తన దగ్గర ఉంచుకోవడం అనే పద్ధతి ఈ కుటుంబంలో జెరార్డ్‌తోనే మొదలైందని నా అభిప్రాయం.

సూక్ష్మజీవి

ఆమ్‌స్టెల్‌తీరం గారు ప్రస్తావించిన లేగర్ మార్పును కొంచెం విప్పి చెప్పాలి. ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే అయివుంటే ఇంత పెద్ద కంపెనీ పుట్టేది కాదు.

పాత పద్ధతిలో ఈస్ట్ మామూలు గది వేడిలో పనిచేసి పైకి తేలుతుంది. బీరు త్వరగా సిద్ధమవుతుంది, కానీ త్వరగా పులిసి చెడుతుంది. అందుకే ఆ రోజుల్లో ఏ ఊరి బీరు ఆ ఊళ్లోనే చెల్లేది. లేగర్‌లో ఈస్ట్ చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి అడుగుకు చేరుతుంది, తరువాత బీరును వారాల తరబడి చలిలో నిల్వ ఉంచుతారు. అలా తయారైనది తేటగా ఉండి ఎక్కువ కాలం నిలుస్తుంది కనుక దూరం పంపవచ్చు. అయితే దీనికి ఏడాది పొడవునా చలి కావాలి. మొదట చెరువుల మంచు కోసి దాచేవారు. చలికాలం సరిగా రాని సంవత్సరం ఉత్పత్తే దెబ్బతినేది. కార్ల్ వాన్ లిండే శీతలీకరణ యంత్రాన్ని తొలిదశలోనే తెప్పించుకున్న కర్మాగారాల్లో హైనెకెన్ వారి రొట్టర్‌డామ్ కర్మాగారం ఒకటి.

రెండో మలుపు ఈస్ట్. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచే విధానాన్ని రూపొందించాడు. కార్ల్స్‌బర్గ్ యజమాని దానిని దాచుకోకుండా అందరికీ అందుబాటులో పెట్టాడు. పాశ్చర్ శిష్యుడిగా పేరున్న హార్టాగ్ ఎలియన్ 1886లో హైనెకెన్ కోసం "ఏ ఈస్ట్" అనే రకాన్ని వేరుచేశాడు. నేటికీ కంపెనీ తన ప్రధాన బీరుకు ఆధారమని చెప్పుకునేది ఆ ఈస్ట్‌నే. ఒకే ఈస్ట్‌ను ప్రపంచంలో ఏ కర్మాగారానికైనా పంపి అదే రుచి తెప్పించగలిగితేనే బ్రాండ్ అన్న మాటకు అర్థం ఉంటుంది. పానీయాల వ్యాపారంలో బహుళజాతి కంపెనీకి పునాది వేసింది ఈ ప్రయోగశాలలేనని నేను నమ్ముతాను. ఈ సంగతిని వ్యాపార చరిత్రలు రెండు వాక్యాల్లో ముగించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఖాతాపుస్తకం

వాటాలెక్క గారి అసలు ప్రశ్నకు వస్తాను. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. హోల్డింగ్ కంపెనీల ఖాతాలు చూడడం నా వృత్తి.

ముందుగా ఒక సవరణ. పగ్గాలు ఈ కుటుంబం చేతిలో నిరాటంకంగా నిలవలేదు, ఒకసారి జారిపోయాయి. 1893లో జెరార్డ్ చనిపోయేనాటికి కొడుకు హెన్రీ పియేర్ చిన్నపిల్లవాడు. అతడు పెద్దవాడై రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొంది, 1917 నుంచి 1940 వరకు కంపెనీని నడిపాడు. 1939లో కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లింది. హెన్రీ పియేర్ తన వాటాలు అమ్ముకుంటూ వచ్చిన ఫలితంగా 1940ల ఆరంభానికి కుటుంబం మెజారిటీ కోల్పోయింది. పేరు హైనెకెన్‌ది, అధికారం ఇతరులది అన్న స్థితి పన్నెండేళ్ల పాటు సాగింది.

జెరార్డ్ మనవడు, హెన్రీ పియేర్ కొడుకు ఆల్ఫ్రెడ్, అందరూ ఫ్రెడ్డీ అని పిలిచేవారు, దాన్ని తిరగరాశాడు. 1940ల రెండో భాగంలో న్యూయార్క్‌లో కంపెనీ దిగుమతిదారు లియో వాన్ మంచింగ్ దగ్గర అమ్మకాలు, ప్రకటనలు నేర్చుకుని తిరిగొచ్చి, అప్పుతో వాటాలు పోగుచేసి 1954 నాటికి మెజారిటీని మళ్లీ సాధించాడు. అప్పటికి అతడికి సుమారు 30 ఏళ్లు. ఈ కథలో అన్నిటికంటే బరువైన సంవత్సరం ఏదంటే నేను 1864 కంటే 1954నే చెబుతాను.

ఇక ఏర్పాటు. బీరు వ్యాపారం చేసే హైనెకెన్ ఎన్.వి. (ఎన్.వి. అంటే డచ్ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ) వాటాల్లో సగానికి కాస్త పైన హైనెకెన్ హోల్డింగ్ ఎన్.వి. దగ్గర ఉన్నాయి. ఈ హోల్డింగ్ కంపెనీ కూడా స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్నదే. దాని వాటాల్లో సగానికి కాస్త పైన లార్ష్ గ్రీన్ అనే మూడో కంపెనీవి. లార్ష్ గ్రీన్‌లో దాదాపు 88 శాతం హైనెకెన్ కుటుంబానిది, మిగిలింది హోయర్ కుటుంబానిది. ఇప్పుడు లెక్క వేయండి: వందలో సగం, ఆ సగంలో సగం, అందులో 88 శాతం. కంపెనీ సంపాదించే ప్రతి వంద రూపాయల్లో కుటుంబానికి ఆర్థికంగా చెందేది 25 రూపాయల లోపే. ఓటు దగ్గరికి వచ్చేసరికి ప్రతి అంతస్తులోనూ సగానికి పైబడిన వాటా వారిదే కనుక అంతిమ నిర్ణయం వారిదే. బయటి పెట్టుబడికి తలుపులు తెరుస్తూనే ఓటును ఇంట్లో ఉంచుకున్నారు.

సెయింట్‌లూయిస్‌తెలుగు

ఖాతాపుస్తకం గారు చెప్పిన ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని మా ఊరు సెయింట్ లూయిస్ చూసింది.

ఇక్కడ ఎబర్‌హార్డ్ ఏన్‌హైజర్ 1860లో దివాలాకు దగ్గరైన ఒక బీరు కర్మాగారాన్ని చేజిక్కించుకున్నాడు. అల్లుడు అడోల్ఫస్ బుష్ దాన్ని దేశవ్యాప్త సంస్థ చేశాడు. 1876లో బడ్‌వైజర్‌ను తెచ్చాడు, పాశ్చరీకరణను, శీతలీకరణ రైలు పెట్టెలను అందరికంటే ముందుగా విస్తృతంగా వాడాడు. మద్య నిషేధం అమలైన 1920 నుంచి 1933 వరకు ఈస్ట్, ఐస్‌క్రీమ్, మాల్ట్ సిరప్ అమ్మి కూడా నిలబడిన కుటుంబం వారిది. అంతటి సంస్థను 2008లో బెల్జియం కేంద్రంగా ఉన్న బీరు కంపెనీ ఇన్‌బెవ్ సుమారు 52 బిలియన్ డాలర్లకు, వాటా ఒక్కింటికి 70 డాలర్ల చొప్పున కొనేసింది. అప్పుడు కంపెనీ సారథి ఆ వంశంలోని నాలుగో ఆగస్ట్ బుష్. కానీ కుటుంబం చేతిలో ఉన్న వాటా నాలుగైదు శాతానికి మించి లేదు. ఊరంతా వద్దన్నా, రాజకీయ నాయకులు వద్దన్నా, వాటాదారులు డబ్బు తీసుకున్నారు. పదవి వారసత్వంగా రావడం వేరు, ఓటు వారసత్వంగా రావడం వేరు అని ఈ ఊరివారికి ఆ వేసవిలో తెలిసింది.

కొన్న ఇన్‌బెవ్ వెనుక కూడా బెల్జియంలోని పాత బీరు కుటుంబాలు ఉమ్మడి సంస్థ ద్వారా ఓట్లు కూడగట్టుకుని ఉండటం గమనార్హం.

వాటాలెక్క

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం. పాతిక వాటాతో నూటికి నూరు పెత్తనం అంటే, మిగిలిన డబ్బు పెట్టినవారికి ఇది అన్యాయం కాదా?

ఖాతాపుస్తకం

న్యాయమైన ప్రశ్న. అన్యాయం అని వాదించేవారు యూరప్‌లో చాలామందే ఉన్నారు. హోల్డింగ్ కంపెనీ వాటాకు, అసలు కంపెనీ వాటాకు ఒకే డివిడెండ్ వస్తున్నా, మార్కెట్‌లో హోల్డింగ్ వాటా తక్కువ ధర పలుకుతూ ఉంటుంది. అయితే ఈ ఏర్పాటు దాచిపెట్టినది కాదు, కొనేవారికి ముందే తెలుసు. కుటుంబం కూడా దీనికి మూల్యం చెల్లిస్తుంది. తమ వాటా సగం గీత కిందికి దిగేలా కొత్త వాటాలు జారీ చేయలేరు కనుక పెద్ద కొనుగోళ్లకు అప్పు చేయాలి, లేదా అవకాశం వదులుకోవాలి. 1990లు, 2000లలో ఇంటర్‌బ్రూ (తరువాతి ఇన్‌బెవ్), సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ వంటివి వేగంగా పెరుగుతుంటే హైనెకెన్ వెనకబడిందన్న విమర్శకు ఇదే మూలం.

2010లో మెక్సికోలోని ఫెమ్సా సంస్థ బీరు వ్యాపారాన్ని కొన్నప్పుడు ఆ చిక్కును ఎలా విప్పారో చూడండి. నగదు ఇవ్వకుండా వాటాలు ఇచ్చారు, కానీ కొన్ని అసలు కంపెనీలో, కొన్ని హోల్డింగ్ కంపెనీలో ఇచ్చి, రెండు చోట్లా సగం గీత చెరగకుండా చూశారు. ఫెమ్సాకు మొత్తం మీద సుమారు 20 శాతం ఆర్థిక ప్రయోజనం దక్కింది, పెత్తనం దక్కలేదు. 2023లో ఫెమ్సా ఆ వాటాలు అమ్ముకుని వైదొలిగింది.

డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్‌ది మరో దారి. వ్యవస్థాపకుడు జేకబ్సెన్ తన సంస్థను కొడుకుకు కాక, 1876లో విజ్ఞానశాస్త్ర పరిశోధన కోసం స్థాపించిన ఫౌండేషన్‌కు అప్పగించాడు. పెద్ద కొనుగోళ్లకు మూలధనం కావలసి వచ్చినప్పుడు, 2007లో ఆ ఫౌండేషన్ తన నిబంధన సవరించుకుని, మూలధనంలో వాటా తగ్గినా ఓట్లలో మెజారిటీ తనకే ఉండేలా చేసుకుంది. మరుసటి ఏడాదే కార్ల్స్‌బర్గ్, హైనెకెన్ కలిసి బ్రిటన్‌లోని స్కాటిష్ అండ్ న్యూకాసిల్‌ను 7.8 బిలియన్ పౌండ్లకు కొని పంచుకున్నాయి.

సింగపూరువాసి

ఆసియా వైపు కథ కూడా చేర్చాలి. హైనెకెన్ 1931లో ఇక్కడి ఫ్రేజర్ అండ్ నీవ్‌తో కలిసి మలయన్ బ్రూవరీస్‌ను స్థాపించింది, 1932లో టైగర్ బీరు వచ్చింది. తమ పేరును వెనక ఉంచి స్థానిక బ్రాండ్‌ను పెంచడం, స్థానిక భాగస్వామిని పెట్టుకోవడం అన్న పద్ధతి తరువాత నైజీరియాలోనూ కనిపిస్తుంది. అక్కడ 1946లో నైజీరియన్ బ్రూవరీస్ ఏర్పడి, 1949లో స్టార్ బీరు తెచ్చింది. వలస పాలన నీడలో వేసిన అడుగులే ఇవి అని మరువకూడదు. వలసలు స్వతంత్రమైన తరువాత కూడా ఆ పాదుల్లో కంపెనీ నిలదొక్కుకుంది.

80 ఏళ్ల భాగస్వామ్యం 2012లో పరీక్షకు వచ్చింది. థాయ్‌లాండ్‌కు చెందిన కోటీశ్వరుడు చరోయెన్ సిరివధనభక్తి వర్గం ఫ్రేజర్ అండ్ నీవ్ వాటాలు కొనడం ప్రారంభించగానే హైనెకెన్ కదిలింది. టైగర్‌ను తయారుచేసే ఆ ఉమ్మడి బ్రూవరీ వాటాకు 50 సింగపూర్ డాలర్లు ఇస్తామని ముందుకొచ్చి, తరువాత 53కు పెంచి, టైగర్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. అప్పటి సారథి ఫాన్ బాక్స్‌మీర్ కుటుంబ సభ్యుడు కాదు, ఉద్యోగిగా ఎదిగి వచ్చినవాడు. ఫ్రెడ్డీ 1989లో కార్యనిర్వహణ నుంచి తప్పుకున్న తరువాత రోజువారీ నిర్వహణ అంతా వృత్తి నిపుణులదే.

పాతఎక్సైజు

నేను ఎక్సైజు శాఖలో పనిచేసి విరమించాను. ఈ చర్చలో మన దేశం గురించి ఎవరూ రాయలేదు కనుక ఆ భాగం రాస్తాను. హైనెకెన్‌కు, మన సంగారెడ్డి జిల్లాలో తయారయ్యే కింగ్‌ఫిషర్‌కు నేరుగా సంబంధం ఉంది.

యునైటెడ్ బ్రూవరీస్ 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణ భారతంలోని చిన్న బ్రూవరీలను కలిపి స్థాపించిన కంపెనీ. 1947లో విఠల్ మాల్యా దాని తొలి భారతీయ డైరెక్టరయ్యాడు, త్వరలోనే ఛైర్మన్ అయ్యాడు. 1983లో ఆయన మరణించాక కొడుకు విజయ్ మాల్యా పగ్గాలు చేపట్టాడు. అంటే ఇది కూడా కుటుంబ సంస్థే. ఇందులో స్కాటిష్ అండ్ న్యూకాసిల్‌కు 37.5 శాతం, మాల్యా వర్గానికి 37.5 శాతం ఉండేవి. పైన చెప్పిన 2008 కొనుగోలుతో ఆ విదేశీ వాటా హైనెకెన్‌కు చేరింది.

రెండు కుటుంబాల నడక ఇక్కడే వేరుపడింది. హైనెకెన్‌లు బీరు, దాని సమీప పానీయాలు దాటి పెద్దగా పోలేదు. మాల్యా వర్గం మద్యం, ఎరువులు, విమానాల దాకా విస్తరించింది. 2005లో మొదలైన విమాన సంస్థ 2012లో నేల మీదే ఆగిపోయింది. దాని అప్పులకు పూచీగా బీరు కంపెనీ వాటాలు కూడా చిక్కుకున్నాయి. 2021 జూన్‌లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్ అధికారి అమ్మిన వాటాలను సుమారు 5,800 కోట్ల రూపాయలకు కొని హైనెకెన్ తన వాటాను 46.5 నుంచి 61.5 శాతానికి పెంచుకుంది. బీరు వ్యాపారంలో ఏ లోపమూ లేకుండానే దాని కుటుంబం దాన్ని కోల్పోయింది. ఓటును తాకట్టు పెట్టకపోవడం కూడా పెత్తనంలో భాగమేనని ఖాతాపుస్తకం గారి వాదనకు నేను చేర్చదలచాను.

తెలుగు రాష్ట్రాల్లో అంతటి కంపెనీకి కూడా ఒకే ఒక కొనుగోలుదారు, అది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్. కంపెనీ సరుకు డిపోలకు చేరుతుంది, దుకాణదారులు డిపో నుంచి ఎత్తుకుంటారు, కంపెనీకి ఇచ్చే మూలధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణ కార్పొరేషన్‌కు సరఫరా ఆపింది. మూలధర 2019-20 తరువాత సవరించలేదని, పాత బకాయిలు పేరుకుపోయాయని కారణాలు చెప్పింది. కొద్దిరోజుల్లో సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధర 15 శాతం పెంచింది. గ్రామాల్లో తాగుడు వల్ల కుటుంబాలు చితికిపోవడం నేను ఉద్యోగంలో దగ్గరగా చూశాను. 1992లో దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం, 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ ఈ పరిశ్రమ లెక్కల్లో ఉండవలసిన అంశాలు. ఎంత పెద్ద కంపెనీ అయినా ఇక్కడి ప్రజాభిప్రాయానికి, ఖజానా అవసరానికి మధ్య నడవక తప్పదు.

ఆమ్‌స్టెల్‌తీరం

పాతఎక్సైజు గారు రాసినది చాలా విలువైనది. నష్టం గురించి ఒక మాట. విస్తరణ అంతా లాభమే కాలేదు. 2023 ఆగస్టులో హైనెకెన్ రష్యాలోని తన వ్యాపారమంతటినీ ఒక్క యూరోకు అమ్మి, సుమారు 300 మిలియన్ యూరోల నష్టం భరించి బయటపడింది. యుద్ధం మొదలైన ఏడాదిన్నరకు గానీ వెళ్లలేదని ఇక్కడ తీవ్రమైన విమర్శ వచ్చింది, ఆ విమర్శతో నేను ఏకీభవిస్తాను.

వాటాలెక్క

చివరిగా ఒక ప్రశ్న. షార్లీన్ గారికి ఐదుగురు పిల్లలు. ఫ్రెడ్డీ 2002లో చనిపోయినప్పుడు వారసురాలు ఒక్కరే కనుక చిక్కు రాలేదు. మన జిల్లాల్లో బియ్యం మిల్లులు, జిన్నింగు మిల్లులు అన్నదమ్ముల పంపకాల్లో ఎలా విడిపోయాయో చూశాం. ఐదుగురి మధ్య ఈ సంస్థ నిలుస్తుందా?

ఖాతాపుస్తకం

మిల్లు పంచుకున్నప్పుడు యంత్రాలు, గోదాము, స్థలం విడిపోతాయి. ఇక్కడ కుటుంబం వాటాలు ఒకే కుటుంబ సంస్థలో ఉన్నాయి కనుక ఐదుగురూ పంచుకునేది ఆ పై అంతస్తులోని హక్కును. దాని కింద లార్ష్ గ్రీన్ వేసే ఓటు ఒక్కటిగానే ఉంటుంది, వారు కావాలని విడగొట్టుకుంటే తప్ప. లార్ష్ గ్రీన్‌లో హోయర్ కుటుంబం వంటి బయటివారు ఏళ్ల తరబడి కలిసి ఉండగలిగినప్పుడు తోబుట్టువులు ఉండలేరని ముందే అనుకోనక్కరలేదు. షార్లీన్ హోల్డింగ్ కంపెనీ డైరెక్టరుగా ఉండగానే, కొడుకు అలెగ్జాండర్ 2013లో అదే బోర్డులో చేరాడు. అయితే ఐదుగురిలో ముగ్గురు బయటికి పోదామంటే వారి వాటా కొనడానికి మిగిలిన ఇద్దరి దగ్గర డబ్బు ఉండాలి. ఫ్రెడ్డీ 1954లో చేసినట్టు అప్పు తెచ్చి కొనాలంటే ఈనాటి విలువల్లో అది వందల కోట్ల యూరోల మాట.